మోగని ఎడంచేతి గాజులు

గాజులమ్మే చాంద్ సుల్తానా ప్రతి గురువారం పాతపట్నంలో సిటీ బస్సెక్కి గాజువాక వచ్చేది. ఆవిడ తొడిగిన గాజులు మనిషి నాడి ఎలా కొట్టుకుంటే అలా మోగేవి. కోపమొస్తే గబగబా, కునుకు పడితే తాపీగా. ఆ గోలకి రేడియోలో వార్తలు వినబడటం లేదని మగాళ్లు విసుక్కునేవారు, అంతే.

స్టీలు ప్లాంటు కట్టుబడి పనిలో ఉన్న ఎల్లారావు పెళ్లాం దేముడమ్మకి ఇరవై రెండేళ్లు. ఆమె ఎడంచేతి గాజులు మోగడం మానేశాయి. సరుకు మంచిది కాదనుకుని రెండు వారాలు వరసగా మార్పించుకుంది. ఆ చెయ్యెత్తి బట్టలారేస్తే లాగేసేది, కళ్లు తిరిగేవి. వీధిచివర డాక్టరు కుడిచేతికే పట్టీ చుట్టి బీపీ చూసి, బాగానే ఉందన్నాడు. ఇంకేముంది, అత్త జోగమ్మ నోటికి అడ్డు లేకుండా పోయింది. ఇది పనిదొంగ అని తేల్చేసి, సోమవారం తగరపువలసలో పుట్టింట్లో దింపేసి రమ్మని, మళ్లీ తేవొద్దని కొడుక్కి చెప్పేసింది.

మూడో గురువారం కూడా గాజులు వెనక్కొచ్చేసరికి సుల్తానాకి రోషం వచ్చింది. ముప్పయ్యేళ్ల బేరంలో తన సరుకుకి ఎవరూ వంక పెట్టలేదు మరి. అవే గాజులు తన చేతికి వేసుకుంది. చక్కగా మోగాయి. రోషం కాస్తా భయమైపోయింది. దేముడమ్మ ఎడం మణికట్టు పట్టుకుని వేళ్లతో వెతికింది. నాడి తగల్లేదు.

“గాజులు మంచివే బిడ్డా. నీ చేతిలోకి రక్తం సరిగ్గా రావట్లేదు. లే, పెద్దాసుపత్రికి పోదాం.”

“గాజులమ్ముకునేదానివి, నీకేటి తెలుస్తాది?” అంది జోగమ్మ. అంటూనే గొణుక్కుంటూ వెంట బస్సెక్కింది.

అక్కడ పెద్ద డాక్టరు సుల్తానా పట్టుబట్టగా ఎడంచేతికీ బీపీ చూశాడు. అందలేదు. మెడ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటున సొంత రక్తనాళాల మీద పడుతోందనీ, వాటి గోడలు వాచి దారి ఇరుకైపోతోందనీ విడమర్చి చెప్పాడు. అరుదైన జబ్బేనట, వచ్చేది ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లకేనట. మాత్రలు మానకుండా వాడితే అదుపులో ఉంటుందన్నాడు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే మెదడుకెళ్లే నాళం కూడా మూసుకుపోయేదన్నాడు.

దేముడమ్మ సుల్తానా ఒళ్లో తలపెట్టి భోరున ఏడ్చింది. కట్టుకున్నవాడికీ, కన్నవాళ్లకీ తోచనిది ఈ తల్లికి తోచింది, ఈవిడ రుణం ఏ జన్మకి తీరుతుంది అనుకుంది. సోమవారం ప్రయాణం ఊసు ఇంట్లో మరెవరూ ఎత్తలేదు.

ఏడాది గడిచింది. మాత్రలకి మొహం ఉబ్బింది గానీ కళ్లు తిరగడం తగ్గింది. నీళ్లబిందె, బట్టల బకెట్టు జోగమ్మే మోస్తోంది. మాత్రల వేళ కూడా ఆవిడే చూస్తోంది.

ఒకసారి ఆసుపత్రిలో కొత్త డాక్టరు, చీటీ పట్టుకుని దేముడమ్మ పక్కన నిలబడ్డ ముసలామెని చూసి, నువ్వు ఈమెకి ఏమవుతావని అడిగాడు.

అత్తనని చెప్పబోయి జోగమ్మ ఆగిపోయింది. కోడలి కేసి ఒకసారి చూసింది.

“నానేటవుతానా? దీని ఎడం సెయ్యిని బాబూ.”