అందరి చీటీలోనూ టీచరమ్మే

కళ్లద్దాల దుకాణంలో చిన్నకోడలు కట్టిన వెబ్‌పేజీకి అది మూడో రోజు. ముందుగదిలో అత్తగారు కళ్లు చూసి పవరు ఎక్కిస్తే, వెనకగదిలో అద్దాలు అరగదీసే పెద్దకోడలి తెరమీదికి ఎవరి చీటీ వాళ్ల పేరున రావాలి. పొద్దున్నుంచి ఎవరిది తెరిచినా పాటల టీచరమ్మ పేరే, ఆవిడ పవరే. లారీ డ్రైవరు చీటీలోనూ ఆవిడే, బేకరీ ఆయన చీటీలోనూ ఆవిడే.

"ఈవిడకి ఎన్ని కళ్లే?" అంది పెద్దకోడలు.

చిన్నకోడలికి నవ్వు రాలేదు. భోజనాల వేళకి కుదరకపోతే రేపట్నుంచి మళ్లీ కాగితమేనని అత్తగారు తేల్చేశారు. ఆర్నెల్ల పని అటకెక్కేలా ఉంది.

ఎక్కించిన వివరాలు వెతికితే ఎవరివి వాళ్లకే భద్రంగా ఉన్నాయి. కంప్యూటరు వైరు పీకి పెట్టింది. మళ్లీ టీచరమ్మే. నిన్న సాయంత్రం అత్తగారి మాట మీద పేజీ పక్కన వరసలో ఉన్నవాళ్ల జాబితా చేర్చిన మాట నిజమే. కానీ తన పేరొక్కటే ఎక్కించి చూసుకుంటే అప్పుడు శుభ్రంగా వచ్చిందే.

ఇంతలో పోస్ట్‌మాన్ వచ్చి బల్ల చివర, టీచరమ్మ పక్కన కూర్చున్నాడు. అత్తగారు అతని పేరు ఎక్కించారో లేదో, చీటీలన్నిటిలోనూ టీచరమ్మ పోయి పోస్ట్‌మాన్ ప్రత్యక్షమయ్యాడు.

చిన్నకోడలు ఒకసారి బల్లకేసి, ఒకసారి తెరకేసి చూసింది. పేజీకి ఏమేం కావాలో పేరుపేరునా రాయడానికి బద్ధకించి, ప్రోగ్రాములో తను పెట్టుకున్న పేర్లన్నిటినీ, వాటిలో ఉన్నవాటితో సహా మూటగట్టి పంపే 'లోకల్స్' అన్న ఒక్క మాటతో సరిపెట్టింది తను. చీటీ ఎవరిదో వాళ్లకి 'మనిషి' అని పేరు పెట్టింది. వరసని ఒక్కొక్కరిగా చదవడానికీ ఆ పేరే వాడింది. చదవడం అయ్యేసరికి వరస చివరున్నవాళ్లు ఆ పేరు మీద తిష్ట వేశారు, అందరి చీటీల్లోకీ వాళ్లే వెళ్లారు. ఉన్నది ఒక్కరే అయితే మొదలూ చివరా వాళ్లే, ఇక తేడా ఎక్కడ తెలుస్తుంది?

వరస చదివే పేరు మార్చింది. మూట విప్పేసి, పేజీకి కావలసిన రెండే రెండు, చీటీ మనిషినీ వరసనీ, పంపింది.

అత్తగారు తన ముందున్న తెరని బల్ల మీదున్న లారీ డ్రైవరు వైపు తిప్పారు. "నీదేనా చూడు నాయనా."

"అది కనబడితే ఇక్కడికెందుకొస్తానమ్మా?" అన్నాడతను.

ఆవిడే వరసలో ఉన్న అయిదుగురి చీటీలూ తెరిపించి చదివారు. అయిదూ సరిపోయాక, "ఉండనీలే" అని ఊరుకున్నారు.

"అదిసరే, చదవడం అయిపోయాక ఆ పేరు పోవాలిగా, ఎందుకు మిగిలిందే?" చిన్నకోడలు చెప్పిందంతా విని అడిగింది పెద్దకోడలు.

"అదే నాకూ అర్థం కావట్లేదక్కా" అంది చిన్నకోడలు.