అంచు మీది పేరు

బెరిల్ ముందుగా అంచు చూసింది. ఏ సేవా పతకం చేతికొచ్చినా ఆమె చేసే మొదటి పని అదే. మెత్తటి తోలుగుడ్డతో అంచు తుడిచి, వెనకగది కిటికీ దగ్గరకి తీసుకెళ్లి, వెలుతురులో నెమ్మదిగా తిప్పుతుంది. ముందువైపు రాజుగారి ముఖం అన్నిటికీ ఒక్కటే. వెనకవైపు ‘నమ్మకమైన సేవకు’ అన్న మాటా అన్నిటికీ ఒక్కటే. మనిషికంటూ సొంతంగా మిగిలేది అంచున చెక్కిన పేరొక్కటే. ఈ రోజు పేరు హెర్బర్ట్ క్రాగ్.

మోర్‌కామ్ ఊళ్లో సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పాతసామాన్ల దుకాణంలో, పతకం ఎవరిదో వెతికి, వాళ్ల బతుకుని అరచెయ్యంత అట్టముక్క మీద రాసి పక్కన పెట్టడం ఆమె పని. కథ ఉన్న పతకాన్ని సేకరించేవాళ్లు కొనుక్కుంటారు. కథ లేనిది తగరపు డబ్బాలో పడుతుంది. వెండి ధర మండిపోతున్న రోజులు. నెలకోసారి వ్యాను వచ్చి డబ్బాలోవన్నీ కరిగించడానికి పట్టుకుపోతుంది. ఈ నెల వ్యాను వచ్చేది ఈ సాయంత్రమే.

“ఏం దొరికింది బెరిల్ ఆంటీ?” అంటూ రస్సెల్ గుమ్మంలోకి వచ్చాడు. దుకాణం యజమాని. వాళ్ల నాన్న హయాంలో నిక్కరేసుకుని ఈ గదిలోనే పెరిగాడు కాబట్టి, తల నెరిసినా ఆమెకి కుర్రాడే.

“ప్రభుత్వ గెజిట్‌లో ఒక్క లైను దొరికింది. క్రాగ్, పోస్ట్‌మన్, మోర్‌కామ్.”

“పోస్ట్‌మనా! వీళ్లవి బుట్టలకెత్తొచ్చు. డబ్బాలో పడెయ్.”

“సాయంత్రం దాకా ఆగలేవూ? నీ వెండి ఎక్కడికీ పారిపోదులే నాయనా.”

“నువ్వు ఇట్లా ఒక్కోదాన్ని చంకనేసుకుని తిరిగితే నేను కొట్టు మూసుకుని చేపలు పట్టుకోవాలి,” అన్నాడు నవ్వుతూ. “వ్యాను వచ్చేసరికి తెచ్చెయ్.”

బెరిల్ బూడిదరంగు స్వెట్టరు మీద కోటు వేసుకుంది. పొట్టి మనిషి, వాచిన చీలమండలు, మెళ్లో తాడుకి వేలాడే కళ్లజోడు. ఏళ్ల తరబడి అంచులు తుడిచిన కుడి బొటనవేలు కొస నున్నగా అయిపోయింది. గుండె మాత్ర ఒకటి నాలిక కింద పెట్టుకుని, పతకం జేబులో వేసుకుని బయల్దేరింది.

ఊళ్లోనే పౌల్టన్ వైపు పాత వీధుల్లో, వేయించిన చేపలు అమ్మే కొట్టు దగ్గర ఆగి, ఇక్కడ పాతకాలం వాళ్లు ఎవరున్నారని అడిగింది. కొట్టు ఆవిడ గరిటెతోనే ఎదురింటి నీలం తలుపు చూపించింది. “ఐవీ బర్కెట్ ఉంది. పుట్టింది ఆ ఇంట్లోనే. కళ్లు పోయాయి గానీ నోరు నిక్షేపంలా ఉంది, వెళ్లు.”

ఐవీకి తొంభై దాటాయి. ఒళ్లో పిల్లి, పక్కన చల్లారిన టీ. పేరు వినగానే కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“క్రాగా? ఆ వాగుడుకాయా! మా ఉత్తరాలు మాకంటే ముందు వాడే చదివేవాడమ్మా. గేటు దగ్గర నిలబడి కార్డు పైకెత్తి, ‘బర్కెట్ గారూ, మీ చెల్లెలి ఊళ్లో వానలట, అల్లుడికి పళ్లు పీకేశారట’ అని వీధంతా వినేట్టు అరిచేవాడు. ఇక్కడ ఎవరికీ గుట్టు లేదు. కవరైతే ‘చింపండి, చూద్దాం’ అని అక్కడే పాతుకుపోయేవాడు.”

“ఎవరూ పైవాళ్లకి చెప్పలేదా?”

“మా నాన్నే చెప్పాడు. పిలిచి చీవాట్లు పెట్టారట. మర్నాడు పొద్దున్నే మళ్లీ మొదలు! నాన్న తిట్టిపోస్తుంటే అమ్మ వంటింట్లోకి పోయేది.”

ఐవీ కాసేపు పిల్లిని నిమిరింది.

“అమ్మకి చదువు రాదు. నాన్నకి కూడా తెలియనివ్వలేదు. అన్నయ్యేమో ఓడ మీంచి కార్డులు రాసేవాడు. ఆ సంగతి క్రాగ్ ఎట్లా కనిపెట్టాడో మరి. ఒక్క అమ్మకే చదివిపెడితే ఊరికి తెలిసిపోదూ? అందుకని అందరివీ చదివాడు. పోయేముందు అమ్మ చెప్పింది నాకు. అప్పటికి ఆయనా లేడు, సారీ చెప్పుకోడానికి.”

బెరిల్ జేబులో చెయ్యి పెట్టింది. పతకం తీసి ఆమె చేతిలో పెట్టింది. ఐవీ వేళ్లు అంచు మీద తడుముకున్నాయి.

“ఏం రాశారమ్మా? కనపడదు నాకు.”

“హెర్బర్ట్ క్రాగ్,” అని బెరిల్ చదివింది, వీధంతా వినేట్టు.

తిరుగు బస్సులో, పతకం గుప్పిట్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. సంతోషంగా ఉంది. అట్టముక్క మీద రాయబోయే మాటలు అప్పుడే వరసలో కూర్చుంటున్నాయి. ఎందరి బతుకులు రాసిందో లెక్కలేదు. తన బతుకు రాయాలంటే ఏముంది? మంచంపట్టిన అమ్మ, పెళ్లాడతానని చెప్పి ఫ్లీట్‌వుడ్‌లో ఉద్యోగమని వెళ్లి ఉత్తరం రాయని డెనిస్, కిటికీ వెలుతురు ఉన్న ఒక వెనకగది. అట్టలో సగం కూడా నిండదు. నవ్వొచ్చింది. బయట ఆటు పోయి పోటు మొదలై, బురద మీదికి నీళ్లు పాకుతున్నాయి. ఆమె తల అద్దానికి ఆనించింది.

“ఆఖరి స్టాపమ్మా, దిగాలి,” అన్నాడు డ్రైవరు. నిద్రపోతోందనుకుని, వచ్చి భుజం తట్టాడు. ఆమె లేవలేదు. గుప్పిట మాత్రం బిగించే ఉంది.

ఆ సాయంత్రం వ్యాను వచ్చి డబ్బా పట్టుకుపోయింది. పతకంతో బెరిల్ ఇంకా రాలేదని రస్సెల్ విసుక్కుంటూ ఉండగానే ఫోను మోగింది.

రెండ్రోజుల తర్వాత ప్రెస్టన్ నుంచి బెరిల్ మేనకోడలు గెయిల్ వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. పర్సులోంచి పతకం తీసి బల్ల మీద పెట్టింది.

“ఆస్పత్రి వాళ్లు అత్త చేతిలోంచి తీసిచ్చారు. ‘నమ్మకమైన సేవకు’ అని ఉంది. అత్తకి మెడల్ వచ్చినట్టు మాకెవరికీ తెలియదండీ, ఎప్పుడూ చెప్పలేదు. ఇది ఆవిడదేనా?”

రస్సెల్ పతకాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఈ గదిలో ఆమె దగ్గరే నేర్చుకున్న అలవాటు. బొటనవేలు దానంతటదే అంచు మీదికి పోయింది. చెక్కిన అక్షరాలు వేలికి తగిలాయి. ఆమె కుర్చీ వెనక కిటికీలోంచి వెలుతురు ఊరికే పడుతోంది. ఇన్నేళ్లలో ఆమెకి మా ఇంటి తరఫున ఒక మంచి మాటన్నా చెప్పామా అని తలుచుకుంటే సిగ్గేసింది.

“ఆవిడదే,” అన్నాడు. “మా నాన్న హయాం నుంచీ చేసింది కదమ్మా.”

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. ఒక చావుకి ఒక్క అబద్ధమాడితే తప్పేం లేదు.

శవపేటిక మీద నల్లటి దిండు పరిచి, దాని మీద పతకం పెట్టారు. వచ్చినవాళ్లు వంగి చూసి, బెరిల్ ఎంత గుట్టు మనిషో అని చెప్పుకున్నారు. ఇప్పుడది ప్రెస్టన్‌లో గెయిల్ ఇంట్లో, బెరిల్ ఫొటో పక్కన, రాజుగారి ముఖం గోడకి తిప్పి, ‘నమ్మకమైన సేవకు’ అన్న వైపు అందరికీ కనపడేట్టు నిలబెట్టి ఉంది. అంచు మీద సన్నగా దుమ్ము పడుతోంది.