తీగ మీద చేతులు

గునపం దిగిన చోట నీలి మెరుపు లేచింది. మట్టితట్ట ఎత్తుకుని నిలబడ్డ పెద్దక్క కళ్ల ముందే ఆమె తమ్ముడు కందకంలో కుప్పకూలాడు. అరచేతులు ఇనుముకు అతుక్కుపోయాయి. కాలిన చర్మం వాసన వీధంతా కమ్మింది. కర్రలతో నెట్టి పైకి లాగేసరికి ప్రాణం లేదు.

దాన్ని ప్రమాదమనడం అబద్ధం. ఊరూరా ఇంటర్నెట్ తీగ పరచడానికి రాష్ట్ర ప్రభుత్వం అప్పు చేసింది. తవ్విన దూరాన్ని బట్టి అప్పిచ్చినవాళ్లు వాయిదాలు విడుదల చేస్తారు. వాయిదా ఆగితే కాంట్రాక్టరుకు బిల్లు ఆగుతుంది. అందుకే నేలలో ఉన్న పాత కరెంటు తీగ పక్కన తవ్విస్తూ కూడా, పని ఆలస్యమవుతుందని సరఫరా ఆపించలేదు. ఆ అప్పు తీర్చే పన్ను మాత్రం చచ్చినవాడు కొన్న సబ్బుబిళ్ల మీద కూడా పడింది.

మేస్త్రీ శవం మీద గోనెపట్టా కప్పించి, పెద్దక్క భర్త వైపు తిరిగాడు.

"నువ్వు దిగు బావా. సాయంత్రంలోగా అవతలి గుంత కలవాలి."

"బావెవడ్రా నీకు?" అంది పెద్దక్క. "అంత తొందరైతే నీ కొడుకుని దింపు!"

"ఇంటర్నెట్ వేగంగా రావాలంటగా," అన్నాడు వెనకనుంచి ముసలి కూలీ. "మన చావు దానికంటే ముందే వస్తోంది."

మేస్త్రీ అతని చెంప పగలగొట్టాడు. అంతే, కూలీలు తట్టలు నేలకేసి కొట్టారు. పారకర్ర దెబ్బకు మేస్త్రీ పళ్లు రాలాయి. జనమంతా వీధి చివరి కరెంటు స్విచ్‌పెట్టె మీదికి వెళ్లారు. అక్కడున్న లైన్‌మన్ చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఆర్డరు లేకుండా ఆపితే నా ఉద్యోగం పోతుందమ్మా!"

"ఆపకపోతే మా ఆయన పోతాడన్నా. ఏది పెద్దదో నువ్వే చెప్పు."

గోనెపట్టా చాలక బయటికి కనిపిస్తున్న శవం పాదాలను లైన్‌మన్ చూశాడు. మీట దించాడు.

పోలీసులు వచ్చీ రాగానే లాఠీలు లేపారు. ముసలివాడి తల పగిలింది. పెద్దక్క మోచెయ్యి విరిచి, జుట్టు పట్టి వ్యాన్‌లోకి ఈడ్చారు.

"ఎత్తరా మీట!" ఇన్‌స్పెక్టర్ అరిచాడు.

"తీగ మీద చెయ్యి ఉండగా మీట ముట్టకూడదు సార్. మా పనిలో మొదట నేర్పేది అదే."

"ఎవడి చెయ్యిరా?"

లైన్‌మన్ కందకం వైపు చూపించాడు. పెద్దక్క భర్త అడుగున మోకాళ్లమీద కూర్చుని, తొక్క లేచిన ఆ తీగను రెండు చేతులా పట్టుకున్నాడు. అతని పక్కన మరొకడు, ఆ పక్కన ఇద్దరు ఆడవాళ్లు, తల నుంచి నెత్తురు కారుతున్న ముసలివాడు.

ఇన్‌స్పెక్టర్ మీట దాకా వెళ్లాడు. చెయ్యి వేశాడు. ఎత్తలేకపోయాడు.

"వదలకండ్రా!" వ్యాన్ జాలీ వెనకనుంచి పెద్దక్క కేకవేసింది. "నా తమ్ముణ్ణి చంపింది ఎవరో చెప్పేదాకా వదలకండి!"

వ్యాన్ మలుపు తిరిగింది. అక్కడ, పక్కవీధి కూలీలు పనిముట్లు గట్టున పడేసి, ఒకరి తరవాత ఒకరు కందకంలోకి దిగుతున్నారు.