సుడిలో చిక్కిన బుడుంగు

సముద్రపు నీటి వివరాలు సేకరించే ఆ యంత్రానికి ఆఫీసులో అందరూ పెట్టుకున్న ముద్దుపేరు బుడుంగు. మనిషంత పొడవు, రెండు రెక్కలు. ప్రొపెల్లర్ లేదు. కడుపులోని నూనెను బయటి తిత్తిలోకి నెడితే తేలుతుంది, వెనక్కి లాక్కుంటే మునుగుతుంది. మునిగినా తేలినా రెక్కల వాలుతో కాస్త కాస్త ముందుకు జారుతుంది. మనిషి నడకకన్నా నెమ్మది.

ఒడ్డునున్న గదిలో కూర్చుని దాన్ని నడిపేది ఆమె. వారంగా అది సముద్రంలో ఓ పెద్ద సుడిలో పడి ఉంది. ఊళ్లకు ఊళ్లు పట్టేంత వెడల్పున మెల్లగా తిరిగే నీళ్లవి. పడమటికి పొమ్మని పంపిన ప్రతిసారీ అది ఇంకాస్త దక్షిణాన తేలి, ఉపగ్రహం ద్వారా కబురు పంపేది.

"ఎదురెళ్లమను. దాన్ని ఎత్తుకొచ్చే పడవ పడమటే ఉంది కదమ్మా," అన్నారు పెద్ద ఇంజనీరు. దాన్ని తయారు చేసింది ఆయనే.

"వెళ్తూనే ఉంది సార్. బ్యాటరీ కరిగిపోతోంది, అంతే."

ఆయన వినిపించుకోలేదు. వాదించే ఓపిక ఆమెకూ లేదు. ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుంటే ముద్ద నోటిదాకా వెళ్లలేదు.

"నాతో మాట్లాడ్డానికి కూడా ఉపగ్రహం కావాలా?" అన్నాడు భర్త. ఆమెకు నవ్వు రాలేదు.

మర్నాడు పడవ నుంచి ఫోను. సముద్రం బాగోలేదు, తిరిగొచ్చేస్తాం అన్నారు. ఇంజనీరు తల పట్టుకున్నారు.

"సార్, ఎదురీత మానేద్దాం," అంది ఆమె. "సుడి తిరిగే వైపే పోనిద్దాం. చుట్టు తిరిగి ఉత్తరపు అంచుకొస్తే అక్కడ నీళ్లే పడమటికి తోస్తాయి. అప్పుడు బయటికి లాగొచ్చు."

"ముందు తూర్పుకు కొట్టుకుపోతుందిగా. పడవ అంతవరకూ ఆగుతుందా?"

"ఆగదు. మళ్లీ వచ్చినప్పుడు ఎత్తుకుంటారు. బ్యాటరీ మిగిలితే."

ఆయన ఫోను అందుకున్నారు. "సరే. పడవాళ్లకు నేను చెప్తాలే."

బుడుంగు దూరమవుతూ పోయింది. ఆమె దానికి పని తగ్గించింది. లోతుగా, అరుదుగా మునగమంది. ఒక్కోరోజు కబురు ఆలస్యమైతే కుర్చీలోంచి లేచేది కాదు. చివరికి ఉత్తరపు అంచు చేరి, ఓ ఉదయం సుడి దాటి పడమటి నీళ్లలో తేలింది. గదిలో ఎవరూ కేరింతలు కొట్టలేదు. ఎవరో టీ తెచ్చారు.

పడవ దాన్ని తెచ్చేసరికి ఒంటినిండా నాచు. ఇంజనీరు అరచేత్తో తుడిచారు.

"బాగా నలిగిపోయింది," అన్నారు. తర్వాత ఆమె వైపు చూసి, "నువ్వూ అంతే. నాలుగు రోజులు ఇటు రాకమ్మా."

ఆమె తలూపింది. బస్సులో సీటు దొరకగానే నిద్ర ముంచుకొచ్చింది. దిగాల్సిన స్టాపు ఎప్పుడు దాటిందో తెలియలేదు.