మసిబొట్టు సీడీ

కొత్తకోట బస్టాండు ఎదుట నా సీడీల దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ప్రతి సినిమా ముందు నేను చూసి, అట్టమీద బొట్టు పెట్టేవాణ్ని. పసుపు బొట్టు ఉంటే ఇంటిల్లిపాదీ చూడవచ్చు. కుంకుమ బొట్టు ఉంటే పిల్లలు పడుకున్నాక చూడాలి. చదువు రానివాళ్లు కూడా బొట్టు చూసి తీసుకుపోయేవారు. సీడీలు ఎవరి దగ్గరైనా దొరుకుతాయి. జనం నా దగ్గరకు వచ్చేది ఆ బొట్టు మీది నమ్మకంతో.

2006 ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి తెచ్చిన సరుకులో రెండు సీడీల దయ్యం సినిమా ఒకటి వచ్చింది. దాన్ని చూస్తూ హాల్లో జనం వాంతులు చేసుకున్నారని, ఒకాయన మూర్ఛపోయాడని సరుకు ఇచ్చినవాడే చెప్పాడు. మూడు వారాలు అది బొట్టు లేకుండా బల్ల కింద పడి ఉంది. రెండుసార్లు ప్లేయర్లో పెట్టాను. పేర్లు పడుతుండగానే తీసేశాను.

లారీ నడిపే నరేందర్ వచ్చినప్పుడల్లా అదే అడిగేవాడు.

"చూసినవా సేటూ?"

"చూస్త."

"నువ్వే గిట్ల భయపడ్తె మాకేం చెప్తవ్? ఏదో ఒక బొట్టు పెట్టియ్యి, తీస్కపోత."

చూడకుండా కుంకుమ పెడితే మాత్రం ఎవరికి తెలుస్తుంది? ఒక మధ్యాహ్నం భరిణె మూత తీశాను కూడా.

"ఏంది సేటూ, సీడీకి పూజనా?"

ఏసమ్మ. పెద్దమందడి మనిషి. నా దుకాణం పక్కన పొయ్యి పెట్టుకొని మేక తలకాయలు, కాళ్లు కాల్చి ఇస్తుంది. సంగతి చెప్పాను. పకపకా నవ్వింది.

"గంత మీసం పెట్టుకొని గింత సీడీకి భయమా? పెట్టు, నేను గూడ కూసుంట. దినాం తలకాయలు కాల్చేదాన్ని, నాకేమయితది?"

షట్టరు సగం దించి సినిమా పెట్టాను. తెరమీద కత్తి లేచింది. నేను మొహానికి చేతులు అడ్డం పెట్టుకున్నాను.

"కండ్లు తెరువు సేటూ. గది నెత్తురు గాదు, రంగు. నెత్తురు గింతసేపు ఎర్రగుంటదా? నల్లవడ్తది. కత్తి పట్టుడు గూడ రాదు వానికి."

ఆమె ఒక్కొక్క తప్పు పట్టినకొద్దీ నా భయం తగ్గుతూ వచ్చింది. ఒకచోట నవ్వాను కూడా.

రెండో సీడీలో కత్తి లేదు, నెత్తురు లేదు. ఒక మూసిన తలుపు. లోపలి నుంచి ఎవరో కొడుతున్నారు. అంతే. ఏసమ్మ మాట ఆగిపోయింది. చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది.

"ఆపనా అక్కా?"

కొంగు తీసి చెప్పింది.

"పూణె దిక్కు పైపుల పనికి పోయినప్పుడు కందకం కూలి మా ఆయన కింద వడ్డడు. లోపలికెల్లి గిట్లనే కొట్టిండు, పారతోని పైపు మీద. మేం మట్టి తీసేటాల్లకు చప్పుడు ఆగింది."

నేను రిమోట్ అందుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నడువనియ్యి. ఎంతసేపుంటదో చూడాలె. తెల్వకుంట నువ్వు ఇంకొకరికిస్తె ఎట్ల?"

ఆ చప్పుడు అయిదు నిమిషాలు వచ్చింది. ఆమె ఒక్కసారీ తల తిప్పలేదు. నేనూ చేతులు దించి చూశాను. క్యాసెట్ల కాలం నుంచి ఇరవై ఏళ్ల వ్యాపారంలో సరుకు చూడకుండా మాట ఇచ్చేవాళ్లను ఎందరినో చూశాను. చెయ్యి కాలుతుందని తెలిసీ, ఇంకొకరి కోసం పట్టి చూసిన మనిషిని ఆ రోజే చూశాను.

సినిమా అయిపోయాక భరిణె ఆమె ముందుకు జరిపాను. తల అడ్డంగా ఊపింది.

"మేం చర్చికి పోయేటోళ్లం, బొట్టు పెట్టం సేటూ. దీనికి నీ కుంకుమ గూడ సరిపోదు."

మసి పట్టిన బొటనవేలితో అట్టమీద నల్లగా ఒక ముద్ర వేసి, పొయ్యి దగ్గరకు పోయింది.

సాయంత్రం నరేందర్ వచ్చాడు.

"చూసినవా?"

"చూసిన. సగం, వేళ్ల సందులకెల్లి."

"గీ నల్లబొట్టేంది?"

"రెండో సీడీల, మూసిన తలుపు ఎనకకెల్లి ఒకరు కొడుతనే ఉంటరు. అయిదు నిమిషాలు. గసొంటిది చూసినోళ్లు మీ ఇంట్ల ఉంటే తీస్కపోకు."

నరేందర్ అట్టను అటూ ఇటూ తిప్పాడు.

"మా అమ్మ ఉన్నది," అన్నాడు. "మా చిన్నమామ బాయిల పూడిక తీస్తుంటే…"

సీడీ బల్లమీద పెట్టి, పసుపు బొట్టుది ఒకటి తీసుకున్నాడు. మెట్టు దిగుతూ వెనక్కి చూశాడు.

"నీ దగ్గర పసుపు, కుంకుమే ఉంటుండె గదా. గీ మసి ఎవరు పెట్టిండ్రు?"

పక్కకు చూపించాను. ఏసమ్మ ఊదుగొట్టం పట్టుకొని, పొగలో కళ్లు చికిలించి, ఇంకో తలకాయను మంటమీద తిప్పుతోంది.