సున్నంతో గీసిన వరండా

నాకు ముక్కుమీద కోపమని బళ్ళో అందరికీ తెలుసు. డ్రిల్లు మాస్టారికి ఆ మాత్రం కోపం లేకపోతే పిల్లలు వరసలో నిలబడరని నేనే ప్రచారం చేసుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నేను గీసిన కోర్టు గీతను వంకర అన్నవాడు లేడు. అని ఉంటే బతికి బట్టకట్టేవాడు కాదు. ఇప్పుడు రిటైరై, దుప్పటి తిన్నగా మడతపెట్టలేదని మనవరాలి చేత చివాట్లు తింటున్నాను. అయినా ఎక్కడన్నా గోడకు కొత్తగా సున్నం వేస్తుంటే ఆ వాసనకు కాళ్ళు ఆగిపోతాయి. చిన్నక్క గుర్తొస్తుంది.

చిన్నక్క నాకు అక్కేం కాదు, అప్పటికి పదిహేడేళ్ళ పిల్ల. తనకన్నా చిన్నపిల్లలకు బూట్ల లేసులు కట్టి, ముక్కులు తుడిచి, అల్లరి చేస్తే గద్దించేది కాబట్టి బళ్ళో ఆ పేరు పడింది. మామూలు తరగతుల్లో ఇమడలేని పిల్లలు ఆరుగురు వరండా చివరి గదిలో ఒక టీచరమ్మ దగ్గర చదువుకునేవారు. చిన్నక్క వాళ్ళలో ఒకతె. ఒకసారి చూసింది మరిచిపోయేది కాదు. కానీ కొత్త చోటికి తీసుకెళ్తే చెవులు మూసుకుని కూలబడిపోయేది. ఇంటి నుంచి బడికి దారి అలవాటు చెయ్యడానికే వాళ్ళమ్మకు రెండేళ్ళు పట్టింది.

బడి అయిపోయాక ఈ పిల్లల్ని ఏ కాలేజీలోనో, పని నేర్పే చోటనో చేర్చాలని టీచరమ్మ కాళ్ళకు చక్రాలు కట్టుకుని తిరిగేది. చిన్నక్క కాగితం మడిస్తే అంచు మీద అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చునేది. అది చూసి, శిక్షణ కేంద్రంలో పుస్తకాల బైండింగు నేర్పే పెద్దాయన సీటిచ్చాడు. మొదటిరోజు చిన్నక్క అక్కడి గేటు దాటలేదు. రెండోరోజూ అంతే. పెద్దాయన మంచివాడే, కానీ జాబితాలో తర్వాతి పేరు వాళ్ళు రోజూ వచ్చి అడుగుతున్నారు.

"సోమవారం దాకా ఆపుతానమ్మా. ఆ రోజు వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే సీటు తనది. లేకపోతే నన్నేం అనుకోకండి" అన్నాడు.

గురువారం టీచరమ్మ నా ఆటసామాన్ల గదికొచ్చింది.

"మాస్టారూ, మీ సున్నం కావాలి."

"దేనికమ్మా?"

"చిన్నక్క రోజూ ఇంటర్వెల్లో మీ వాలీబాల్ కోర్టు గీత మీదే నడుస్తుంది, చూశారా? ఒక్క అడుగు బయట వెయ్యదు. ఆ శిక్షణ కేంద్రాన్ని ఉన్నది ఉన్నట్టు మన గ్రౌండులో గీసేద్దాం. ఇక్కడ నడిచి అలవాటు పడితే అక్కడ కొత్తనిపించదేమో."

ఈవిడకేమన్నా పిచ్చా అనుకున్నాను. కానీ గీతల విషయంలో నన్ను కాక ఇంకొకరిని అడిగితే నేను ఊరుకోగలనా? శుక్రవారం టేపు పట్టుకుని వెళ్ళి అంతా కొలిచాను. గేటు, నాలుగు మెట్లు, పొడుగాటి వరండా, ఎడమచేతివైపు బైండింగు గది, అందులో పెద్ద బల్ల, కిటికీ పక్కన కాగితాలు కోసే మిషను. పొద్దుగూకేలోపు మా గ్రౌండులో ఒక అంగుళం తేడా లేకుండా దించేశాను.

శని, ఆదివారాలు అక్కడే గడిచాయి. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే వాళ్ళమ్మ సెలవు పెట్టి వచ్చి, చేతులు బార్లా చాపి బైండింగు గది తలుపయింది.

"ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేరు. ఇక్కడ నేను తప్పుకుంటే గానీ ఎవరూ లోపలికి పోలేరు, చూడండి" అని నవ్వింది.

నేను మిషన్నయ్యాను. చిన్నక్క దగ్గరికి రాగానే గర్రుమని చప్పుడు చెయ్యడం నా పని. గోడెక్కి కూర్చున్న పదో తరగతి పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు కోపం రాలేదు. అంత ఆనందంగా నేను ఏ ఆటల పోటీల్లోనూ లేను, ఆ మాట ఇప్పుడు చెప్పడానికి సిగ్గేం లేదు. ఆదివారం సాయంత్రానికి చిన్నక్క ఒక్కతే నడిచి, వాళ్ళమ్మ భుజం మీద తట్టి, లోపలికెళ్ళి కూర్చుంది.

"అక్కడ ఇలాగే ఉంటుందా మాస్టారూ?" అని అడిగింది.

"అచ్చం ఇలాగే. నా గీత తప్పదు."

సోమవారం చిన్నక్క గేటు దాటింది. మెట్లెక్కింది. వరండాలో ఇరవై రెండు అడుగులు వేసి ఆగిపోయింది. ఎదురుగా వరండాకు అడ్డంగా ఆకుపచ్చ తలుపు, మూసి ఉంది. శుక్రవారం అది గోడకు ఆనుకుని బార్లా తెరిచి ఉంది. దాని మీద అంటించిన కాగితాలు చూసి నోటీసు బోర్డనుకున్నాను.

"ఇక్కడ తలుపు లేదు" అంది చిన్నక్క.

పెద్దాయన వచ్చి తలుపు తీశాడు. "దుమ్మొస్తోందని వేశానమ్మా. రా, లోపలికి."

"ఇక్కడ తలుపు లేదు."

వాళ్ళమ్మ బతిమాలింది. టీచరమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"మొన్న నేనొచ్చినప్పుడు లేదండీ ఇది. కొత్తగా పెట్టించి ఉంటారు" అన్నాను, నా పరువు కాపాడుకుంటూ.

"పదిహేనేళ్ళుగా ఉంది మాస్టారూ" అన్నాడు పెద్దాయన, నెమ్మదిగానే.

చిన్నక్క ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. చేతులు మెల్లగా చెవుల దగ్గరికి వెళ్తున్నాయి. ఇంకో నిమిషం అయితే కూలబడిపోతుంది. సీటు పోతుంది. పోగొట్టింది తలుపు కాదు, నేను.

"తల్లీ, తలుపు ఉంది. నేనే చూసుకోలేదు. తప్పు గీశాను" అన్నాను.

చేతులు ఆగాయి.

"మాస్టారు తప్పు గీస్తారా?"

"గీస్తాను."

"ఎప్పుడైనా గీశారా?"

"చాలాసార్లు. ఎవరికీ చెప్పలేదు."

చిన్నక్క చేతులు దించింది. తర్వాత వాళ్ళమ్మకు, టీచరమ్మకు, పెద్దాయనకు విడివిడిగా, చిన్నపిల్లల్ని గద్దించే గొంతుతోనే చెప్పింది. "మాస్టారు ఇరవై రెండో అడుగు దగ్గర తప్పు గీశారు." చెప్పి, తెరిచి ఉన్న తలుపు మీదే ఒకసారి తట్టి, దాటి వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంది.

మరుసటి ఏడు, చిన్నక్క పని నేర్చుకుని అక్కడే కుదురుకున్నాక, ఆ కేంద్రం వేరే వీధిలో కొత్త మేడలోకి మారుతోందని విన్నాను. నా ప్రాణం ఉసూరుమంది. పొద్దున్నే టేపు జేబులో వేసుకుని వాళ్ళింటికి పరిగెత్తాను. ఈసారి ప్రతి తలుపూ మూసి, తెరిచి చూడాలనుకున్నాను.

వాళ్ళమ్మ ఒక్కతే ఉంది.

"చిన్నక్క ఏదమ్మా?"

"పనికెళ్ళిపోయింది మాస్టారూ. కొత్త చోటికి వెళ్ళబట్టి ఇవాళ్టికి మూడో రోజు."

"ఎవరు తీసుకెళ్తున్నారు?"

"ఎవరూ లేరు." ఆవిడ కుర్చీ తుడిచి ముందుకు జరిపింది. "మీరొస్తారని దానికి తెలుసు. కూర్చోబెట్టమంది. సాయంత్రం వచ్చి, మిమ్మల్ని తీసుకెళ్ళి ఆ మేడంతా చూపిస్తుందట."

నేను సాయంత్రం దాకా కూర్చున్నాను.