నాలుగో బటన్

నేను ఒక ఆట మిషన్ని. భోజనం పళ్లెమంత ఉంటాను. నలుగురికి నాలుగు బటన్లు, మధ్యలో ఒక దీపం. ఎర్రగా వెలిగితే నొక్కకూడదు, పచ్చగా వెలగ్గానే నొక్కాలి. ముందు నొక్కినవాళ్లకి పాయింటు, తొందరపడ్డవాళ్లకి బుర్రుమని చీవాటు. నాలుగు బటన్ల మీదా నాలుగు చేతులు పడితేనే నేను మొదలవుతాను. ముగ్గురే కూర్చుని ఎంత బతిమాలినా, ఒకరే రెండు చేతులు వేసినా వెలగను.

డబ్బా మీద 'ఏకాగ్రత పెంచును' అని అచ్చు వేశారు. రెండేళ్లు ఎవరి ఏకాగ్రతా పెంచే అవకాశం రాలేదు. కాకినాడలో మూడు గృహప్రవేశాలకీ ఒక ఓణీల ఫంక్షనుకీ కానుకగా వెళ్లాను. ప్రతి ఇంట్లోనూ "ఎందుకండీ ఇవన్నీ" అంటూ అందుకుని, విప్పకుండా బీరువా మీద పెట్టి, తర్వాతి శుభకార్యానికి పైన పేరు మార్చి పంపేవారు. తిరిగి తిరిగి మొదట కొన్న పేర్రాజు గారికే చేరాను. ఆయన రిటైరైన బ్యాంకు మేనేజరు, అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ. నన్ను గుర్తుపట్టి, సంఘానికి విరాళమిచ్చి, నోటీసు బోర్డు మీద తన పేరు రాయించుకున్నారు.

ఆగస్టు పదిహేనున కింద పార్కింగులో పోటీ పెట్టారు. బహుమతి ఐదు లీటర్ల కుక్కరు. పేర్రాజు గారు, ఆయన భార్య సూర్యకుమారి గారు, మూడో అంతస్తు లెక్చరర్ గణపతి గారు కూర్చున్నారు. మిగతావాళ్లు ఓడిపోతామన్న భయంతో "మాకిలాంటి పిల్లాటలు నచ్చవండీ" అని కాజాల పళ్లెం దగ్గర నిలబడ్డారు.

నాలుగో చెయ్యి కోసం నూకరత్నాన్ని పిలిచారు. అపార్ట్‌మెంటు మెట్లు కడిగి, నాలుగు ఫ్లాట్లలో అంట్లు తోమే మనిషి.

"రా రత్నం, చెయ్యెట్టు. మిషను మొదలవ్వాలి."

"నేను గెలిత్తే ఆ కుక్కరు నాదేనా అండి? మా కుక్కరు పోయి ఏడాదయిందండి. పొద్దున్నే అన్నం ఉడికేదాకా కూకుంటే ఇక్కడికి ఆలీసం, మీతో మాటలు పడాల."

"ముందు గెలువు, చూద్దాం" అన్నారు సూర్యకుమారి గారు. అందరూ నవ్వారు.

నూకరత్నం చెయ్యి కొంగుకి తుడుచుకుని నా మీద వేసింది. బరకగా ఉంది గానీ వణకలేదు. పేర్రాజు గారి చెయ్యి ఫోను మోగినప్పుడల్లా లేచింది. గణపతి గారు ఏకాగ్రత గురించి ఉపన్యాసమిస్తూ ఎరుపుకే నొక్కారు. సూర్యకుమారి గారు ఎదుటావిడ చీర అంచు చూస్తూ, దీపం వెలిగిందని ఎవరో చెప్పాక నొక్కారు. ఒక ఇంట్లో అంట్లు తోముతూ పక్కింటి పాలు పొంగకుండా కనిపెట్టే నూకరత్నం మాత్రం పది దీపాల్లో తొమ్మిది కొట్టింది. మిగిలిన ఒక్కటీ ఎలాగో సూర్యకుమారి గారికి దక్కింది.

నాకొచ్చిన ఒక్క పాటా వాయించాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

పేర్రాజు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "రత్నం ఊరికే కూర్చుంది కదా. ఆటలో అరటిపండు. లెక్కలోకి రాదు."

చిన్నపిల్లలు ఓడిపోయి ఏడవకూడదని పెద్దవాళ్లు చేసుకున్న ఏర్పాటది. గెలిచిన మనిషిని అరటిపండు చెయ్యడం అక్కడే చూశాను.

"నేను అరటిపండునయితే, తవరంతా ఎవరి చేతిలో ఓడినట్టండి?" అంది నూకరత్నం, గొంతు పెంచకుండా.

"పోనీలే, పిల్లలకి నాలుగు కాజాలు పట్టుకెళ్లు" అన్నారు సూర్యకుమారి గారు, కుక్కరు ఎత్తుకుని ఫోటోకి నవ్వుతూ.

పట్టుకెళ్లింది. ఇంట్లో పిల్లలున్నారు.

జనవరి ఇరవై ఆరుకి మళ్లీ ఆ ముగ్గురే కూర్చుని కేకేశారు.

"రాలేనండి. అమ్మగారి కుక్కరు అడుగంటింది, తోమాల" అని మెట్ల మీంచే చెప్పి పైకి వెళ్లిపోయింది. అరటిపండు అనిపించుకున్న కుర్చీలో కూర్చోడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. మూడు చేతులు నా మీద పావుగంట ఉన్నాయి. గణపతి గారు బ్యాటరీలు మార్చారు. పేర్రాజు గారు ఒక మొట్టికాయ వేసి చూశారు. ఆ తర్వాత, నాలుగో చెయ్యి లేకే ఆగానని ఒప్పుకోలేక, నా మీద 'రిపేరు' అని చీటీ అంటించి కరెంటు మీటర్ల గదిలో పడేశారు.

వారానికోసారి నూకరత్నం వచ్చి నా దుమ్ము తుడుస్తుంది, ఆ చీటీ తడవకుండా జాగ్రత్తగా. నాకే జబ్బూ లేదని ఆమెకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు.